గ్రాఫిక్స్ కార్డు మండిపోతోంది, గరగరమంటోంది: స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్నలోని వివరాలు ముందు ఒక్కచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకు వెతుక్కునే పని ఉండదు. మీది గుంటూరు, పై అంతస్తులో గది, పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న రెండు ఫ్యాన్ల ఆర్‌టీఎక్స్ 2060 కార్డు, వారంటీ లేదు. మే నెల వచ్చినప్పటి నుంచి ఎక్స్‌పోర్ట్ పెడితే కార్డు 86 డిగ్రీలకు పోతోంది, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 109 చూపిస్తోంది, ఎక్స్‌పోర్ట్ కూడా ఇదివరకటి కంటే ఆలస్యమవుతోంది. పొద్దున ఆన్ చేయగానే గరగరమని శబ్దం, కాసేపటికి అదే తగ్గుతుంది. సీపీయూ బాక్స్ కంప్యూటర్ టేబుల్ కింది అరలో ఉంటుంది. షాపులో చూపిస్తే "చిప్ పోయింది, కొత్త కార్డు వేయించుకోండి" అన్నారు. గదిలో 36 డిగ్రీలు ఉందని కూడా రాశారు. అది రాయడం చాలా మంచిదైంది, చాలామంది రాయరు.

చిప్ పోయిందని మీరు చెప్పినదాంట్లో నాకు ఎక్కడా కనిపించలేదు. చిప్పో, దాని చుట్టూ ఉండే మెమరీయో పోతున్నప్పుడు స్క్రీన్ మీద రంగురంగుల గళ్లు, చుక్కలు, గీతలు వస్తాయి. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ క్రాష్ అవుతుంది, ఒక్కోసారి బూట్ అయ్యేటప్పుడే తెర చెదిరిపోతుంది. మీకు అవేవీ లేవు. విజయవాడలో నా దగ్గరికి సర్వీసుకు వచ్చే కార్డుల్లో ఎండాకాలం వచ్చేవి ఎక్కువగా మీ లాంటివే. కార్డు బాగానే ఉంటుంది, దానికి గాలి ఆడదు, చిప్ వేడిని హీట్‌సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మకు) చేర్చే పేస్ట్ పనిచేయదు, ఒక ఫ్యాన్ అరిగి ఉంటుంది. మీ కేసులో ఈ మూడూ ఉన్నాయనే నా అనుమానం. వేటికవి వేరు, ఒకటి సరిచేస్తే ఇంకొకటి పోదు. అందుకే ఏది ఎంత అన్నది ముందు కొలిచి చూసుకోవాలి.

కొలవడానికి రెండు తేడాలు చాలు. ఒకటి, కార్డు వేడికీ గది వేడికీ మధ్య తేడా. మీకు 86 లోంచి 36 తీస్తే 50. రెండోది, హాట్‌స్పాట్‌కీ కార్డు వేడికీ మధ్య తేడా. 109 లోంచి 86 తీస్తే 23. గది ఒక డిగ్రీ వేడెక్కితే కార్డు కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. కాబట్టి ఇదే కార్డు సంక్రాంతి రోజుల్లో 24 డిగ్రీల గదిలో 74 దగ్గర ఆగి ఉంటుంది, మీకు ఏ అనుమానమూ వచ్చి ఉండదు. ఇందులో కార్డు కొత్తగా చెడిందేమీ లేదు. అప్పుడూ అది 50 డిగ్రీల తేడాతోనే నడుస్తోంది, మే నెల దాన్ని బయటపెట్టింది. మీ పనిలో ఇంకో చిక్కు, పెళ్లిళ్ల సీజన్ సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే పడుతుంది. కార్డుకు పని ఎక్కువుండేదీ గాలి వేడిగా ఉండేదీ ఒకే నెలలో.

2060కి ఎన్విడియా పెట్టిన గరిష్ట ఉష్ణోగ్రత 88 డిగ్రీలు. మామూలుగా ఈ కార్డులు 83 దగ్గరే గీత గీసుకుంటాయి. అది దాటితే క్లాక్ వేగం తమంతట తామే తగ్గించుకుంటాయి. ఎక్స్‌పోర్ట్ ఆలస్యం కావడానికి కారణం ఇదే. ఇక హాట్‌స్పాట్ సంగతి. పేస్ట్ బాగుంటే మామూలు వేడికీ దీనికీ తేడా 10 నుంచి 15 దాకా ఉంటుంది. 20 దాటిందంటే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య అతుకు సరిగా లేదని అర్థం. ఈ రెండో తేడాకు గదితో పెద్దగా సంబంధం లేదు, ఏసీ వేస్తే రెండు అంకెలూ కలిసి కిందికి దిగుతాయి కానీ మధ్య దూరం అలాగే ఉంటుంది. ఏసీ కొంటే సరిపోతుందా అని అడిగారు కదా. వేడి తగ్గుతుంది, లోపల ఎండిపోయిన పేస్ట్ మాత్రం ఎండిపోయే ఉంటుంది.

అయినా వెంటనే కార్డు విప్పకండి. ముందు టేబుల్ సంగతి చూడండి.

మన ఇళ్లలో కంప్యూటర్ టేబుళ్లు చేసే వడ్రంగులు సీపీయూ కోసం కింద ఒక అర కడతారు. మూడు పక్కలా ప్లైవుడ్, ముందు ఒక తలుపు, వెనక వైర్లకు ఒక చిన్న రంధ్రం. ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటర్లకు అది సరిపోయేది. 160 వాట్ల కార్డుతో పాటు ప్రాసెసర్ కూడా వేడి వదిలే సిస్టమ్‌ను అందులో పెడితే, బయటికి తోసిన వేడి గాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. గదిలో 36 ఉంటే ఆ అరలో 45 ఉన్నా నాకు ఆశ్చర్యం లేదు. బాక్స్‌ను బయటికి తీసి, గోడకు ఒక జానెడు దూరంలో, నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెట్టి అదే ప్రాజెక్ట్ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇరవై నిమిషాల తర్వాత రీడింగ్ రాసుకోండి. తర్వాత పక్క ప్యానెల్ కూడా తీసేసి ఇంకో ఇరవై నిమిషాలు. ప్యానెల్ తీస్తే ఐదారు డిగ్రీలు పడిపోయిందంటే కేసులో గాలి రాకపోకలు బాలేవు. ముందు అద్దం ప్యానెల్ ఉండే షోకు కేసులు చాలావరకు ఇంతే, గాలి లోపలికి రావడానికి పక్కన సన్నని సందు మాత్రం ఉంటుంది. ముందు ఫ్యాన్లు లోపలికి, వెనక ఫ్యాన్ బయటికి ఊదుతున్నాయో లేదో సన్నటి టిష్యూ కాగితం పట్టుకుని చూడండి. తిప్పి బిగించిన ఫ్యాన్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువే కనిపిస్తుంటాయి.

టెస్ట్‌కు మీ అసలు పనే వాడండి, లేకపోతే ఏదైనా గేమ్. ఫర్‌మార్క్ లాంటి పరీక్ష ప్రోగ్రాంలు కార్డును అసహజంగా కాలుస్తాయి. రీడింగులకు జీపీయూ-జెడ్ గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ ఉచితమే. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, ఎంత శాతం పనిచేస్తోందో కూడా పక్కనే చూడండి. మామూలు కటింగ్, డిజాల్వ్‌ల ఎక్స్‌పోర్ట్‌లో అది సగమే ఉండొచ్చు, నాయిస్ రిడక్షన్ వేసిన క్లిప్‌లకు దాదాపు వంద కొడుతుంది. సగం పనికే 86 వస్తుంటే పరిస్థితి మీరు రాసినదానికంటే ఎక్కువ బాలేదని అర్థం. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా జీపీయూ శాతం ఎక్కువ చూపిస్తే ఏ ప్రోగ్రాం వాడుతోందో టాస్క్ మేనేజర్‌లో చూడండి, క్రాక్ సాఫ్ట్‌వేర్లతో పాటు దొంగ మైనింగ్ ప్రోగ్రాంలు (మీ కార్డుతో ఎవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టేవి) వచ్చి కూర్చుంటాయి.

తర్వాత దుమ్ము. గుంటూరు దుమ్ము గురించి విడిగా చెప్పాలి. జిన్నింగ్ మిల్లుల వైపు నుంచి వచ్చే సిస్టమ్‌లలో పత్తి నూగు హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటిలా పేరుకుపోయి ఉంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్లు శుభ్రంగానే కనిపిస్తాయి, నూగంతా ఫ్యాన్ కింద. మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల చుట్టుపక్కల వాళ్లయితే బ్లోయర్ పట్టే ముందు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఎందుకో ఒకసారి ఊదితే మీకే తెలుస్తుంది. వంటగది పక్క గదైతే దుమ్ము నూనె పట్టి జిడ్డుగా ఉంటుంది, అది గాలికి రాదు, మెత్తని బ్రష్‌తో కదిలించాలి.

సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, బాల్కనీలోకి తీసుకెళ్లి కంప్యూటర్లకు అమ్మే చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే అది మామూలు వేగానికి ఎన్నో రెట్లు తిరిగి బేరింగ్‌ను పాడుచేస్తుంది. పంక్చర్ షాపులోనో బైక్ సర్వీసింగ్ దగ్గరో కంప్రెసర్ గాలి కొట్టించడం మన దగ్గర బాగా అలవాటు. వద్దు. ఆ గాలిలో నీటి తుంపర, కంప్రెసర్ ఆయిల్ కలిసి ఉంటాయి, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని కార్డుకు ఆనించి లాగడం కూడా వద్దు, స్టాటిక్ వస్తుంది. ఎయిర్ కూలర్‌ను సిస్టమ్ వైపు తిప్పి పెట్టడం ఇంకో అలవాటు. మన కోస్తా ఉక్కలో కూలర్ వల్ల గది పెద్దగా చల్లబడదు, ఆ తేమకు దుమ్ము మాత్రం రేకులకు గట్టిగా అంటుకుంటుంది.

ఇక పైసా ఖర్చు లేని పని, ఈ రోజే చేయగలిగింది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం వేసుకోండి, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. అందులో పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించండి. 160 వాట్ల కార్డు 128 వాట్ల దగ్గర ఆగుతుంది. చివరి కొద్దిపాటి వేగం కోసమే ఈ చిప్‌లు కరెంటు విపరీతంగా లాగుతాయి కాబట్టి, ఐదో వంతు కరెంటు తగ్గించినా పనిలో తేడా కొద్దిగానే ఉంటుంది. ఇప్పుడెలాగూ 83 దాటి వేగం తగ్గించుకుంటున్న కార్డు కాబట్టి మీకు ఆ తేడా కూడా కనిపించకపోవచ్చు. ఓపిక ఉంటే కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్ గీత వస్తుంది, అందులో 1800 మెగాహెర్ట్జ్‌ను 0.9 వోల్టు దగ్గర కట్టేసి చూడండి. చాలా 2060లు దాన్ని మోస్తాయి. తెర ఆగిపోతే కొంచెం వోల్టు పెంచండి. ముహూర్తాల మధ్యలో డెలివరీ టెన్షన్ ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి, పవర్ లిమిట్‌తో సరిపెట్టుకోండి.

రాత్రి భోజనం చేసి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటానన్నారు. పై అంతస్తు కదా, పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. వీలైతే క్యూలో పెట్టి తెల్లవారుజామున మొదలయ్యేలా చూడండి. అదే కార్డుకు నాలుగైదు డిగ్రీలు అక్కడే కలిసొస్తాయి.

ఇప్పుడు శబ్దం. దీని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే వేడికీ శబ్దానికీ ముడిపెట్టి అనవసరంగా డబ్బు ఖర్చుపెట్టేది ఇక్కడే. గాలి హోరు వేరు. ఫ్యాన్ ఎక్కువ వేగంతో తిరిగితే హోరు తప్పదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి వేడి తగ్గితే హోరు దానంతట అదే తగ్గుతుంది. మీరు చెప్పిన గరగర అది కాదు. చల్లగా ఉన్నప్పుడు మొదలై వేడెక్కాక తగ్గే గరగర అరిగిన బేరింగ్‌ది. లోపలి గ్రీజు చిక్కబడిపోయి, కాసేపు తిరిగాక పలచబడి మళ్లీ కాస్త పనిచేస్తుంది. పేస్ట్ మార్చినా, ఏసీ వేసినా ఇది పోదు.

టకటకమని ఒకే లయలో కొడుతుంటే ఏదో వైరు రెక్కకు తగులుతోంది. సన్నగా కీచుమంటూ, లోడ్ పెరిగితే పెరిగి మౌస్ కదిపినా మారుతుంటే అది కాయిల్ వైన్, బోర్డు మీది కాయిల్స్ నుంచి వచ్చేది. చెవికి బాధేగానీ కార్డుకు ప్రమాదం లేదు, గేమ్‌లో ఫ్రేమ్‌రేట్‌కు పరిమితి పెడితే చాలావరకు తగ్గుతుంది. అదురుతున్నట్టు జలజలమంటే కార్డు ప్లాస్టిక్ కవరో కేసు ప్యానెలో వదులై ఉంటుంది, వేలితో నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

మీ గరగర ఏ ఫ్యాన్‌దో తేల్చడానికి ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ వేగాన్ని చేత్తో 30, 50, 70 అని మార్చుతూ, కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొసను చెవి దగ్గర, ఇంకో కొసను ఒక్కో ఫ్యాన్ ముందు పెట్టి వినండి. తర్వాత సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసేసి, రెండు ఫ్యాన్లనూ వేలితో తిప్పండి. బాగున్నది నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. అరిగింది టక్కున ఆగుతుంది, మధ్యలో పట్టుకుని కదిపితే పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఫ్యాన్ వేగం సరిగా అందుకోలేకపోతే కార్డులో ఆ సగానికి గాలి తక్కువే.

మధ్యలోని స్టిక్కర్ ఒక పక్క లేపి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే కొన్ని రోజులో కొన్ని నెలలో నడుస్తుంది. సీజన్ గట్టెక్కడానికి చాలు. కొబ్బరినూనె వేయకండి, కొన్నాళ్లకు జిగురైపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. సరైన మందు ఫ్యాన్ మార్చడమే. పాత ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద ఉండే మోడల్ నంబరు, వైర్లెన్ని, రెక్కల వెడల్పు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ఈ నాలుగూ సరిపోయేది చూసి ఆన్‌లైన్‌లో జతగా తెప్పించుకోండి. కార్డు పేరుతో వెతికితే తప్పుది వస్తుంది, ఒకే పేరు కార్డులో కంపెనీ వేర్వేరు ఫ్యాన్లు వాడి ఉంటుంది. దొరకకపోతే పాత ఫ్యాన్లు, కవర్ తీసేసి రెండు 92 మిల్లీమీటర్ల కేసు ఫ్యాన్లను హీట్‌సింక్‌కు జిప్ టైలతో కట్టి, మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నులకు కలిపేయండి. చూడ్డానికి బాగుండదు, ఇంకో స్లాట్ చోటు తింటుంది, కానీ ఊరూపేరూ లేని డూప్లికేట్ ఫ్యాన్ల కంటే నిశ్శబ్దంగా, ఎక్కువ కాలం నడుస్తుంది. నన్నడిగితే ఇదే మేలంటాను.

సెకండ్ హ్యాండ్ అన్నారు కదా, దాని గురించి ఒక మాట. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయింది. ఆ తర్వాత ఇలాంటి కార్డులు కుప్పలుగా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిన కార్డు అనగానే జనం భయపడతారు గానీ, ఒకే వేడి దగ్గర నిలకడగా నడిచిన చిప్ సాధారణంగా బాగానే ఉంటుంది. పగలూ రాత్రీ తిరిగిన ఫ్యాన్లు, ఎండి గట్టిపడిన థర్మల్ ప్యాడ్లు (మెమరీ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తటి ముక్కలు) మాత్రం అయిపోతాయి. మీ లక్షణాలు దానికి సరిపోతున్నాయి.

పైవన్నీ చేశాక కూడా హాట్‌స్పాట్ తేడా 20 పైనే ఉంటే, ఉంటుందనే నా అంచనా, అప్పుడు కార్డు విప్పాలి. ఇది చదువుతున్న మిగతావాళ్లకు: వారంటీ ఉన్న కార్డును విప్పకండి, సర్వీసుకు పంపండి.

కార్డును స్లాట్ నుంచి తీసేటప్పుడు చివర ఉండే చిన్న లాక్ నొక్కాలి, గుంజితే మదర్‌బోర్డు స్లాట్ విరుగుతుంది. విప్పే ముందు రెండు వైపులా ఫోటోలు తీసుకోండి. వెనక చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగు స్క్రూలను ఒకదాన్నే పూర్తిగా విప్పకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. స్క్రూలు విప్పాక కూడా హీట్‌సింక్ రాకపోతే పేస్ట్ పట్టేసిందన్నమాట. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపకండి, స్క్రూలు మళ్లీ బిగించి కార్డును పది నిమిషాలు నడిపి, వెచ్చబడ్డాక సిస్టమ్ ఆపి తీసి, స్క్రూలు విప్పి అటూ ఇటూ మెల్లగా తిప్పితే ఊడుతుంది. ఊడగానే లాగేయకూడదు, ఫ్యాన్ల వైరు ఇంకా బోర్డుకు తగిలే ఉంటుంది. ఆ చిన్న ప్లగ్గును వైరు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ పట్టుకుని తీయాలి.

పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వకండి. కొత్త పేస్ట్‌కు ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటిది చాలు, కరెంటు పారనిది కాబట్టి కాస్త పక్కకు కారినా నష్టం లేదు. ఆంప్లిఫయర్ల ట్రాన్సిస్టర్లకు పూసే డబ్బా తెల్ల పేస్ట్ ఈ పనికి కాదు. కరెంటు పారే లిక్విడ్ మెటల్ జోలికి అసలే వెళ్లకండి. ప్రాసెసర్‌కు మధ్యలో బఠాణీ గింజంత పెట్టమంటారు, గ్రాఫిక్స్ చిప్‌కు అది సరిపోదు. దీనికి పైన రేకు మూత ఉండదు, అద్దంలా మెరిసే చిప్ నేరుగా తగులుతుంది. దాని నాలుగు మూలలా పలచగా పేస్ట్ ఉండాల్సిందే. ఏదో ఒక మూల ఖాళీ ఉంటే అక్కడే హాట్‌స్పాట్. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే హనీవెల్ పీటీఎం7950 అనే పలచటి షీటు దొరుకుతుంది. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ అంతా సర్దుకుంటుంది, పదే పదే వేడెక్కి చల్లారినా పేస్ట్‌లా పక్కలకు జరిగిపోదు. రోజూ ఎక్స్‌పోర్ట్‌లు పెట్టే మీలాంటి వాళ్లకు నేను దాన్నే వేస్తాను. నకిలీలు ఉన్నాయి, నమ్మకమైన చోటే కొనండి.

అసలు జాగ్రత్త థర్మల్ ప్యాడ్లతో. మెమరీ మీద, పవర్ భాగాల మీద ఉండే ఆ మెత్తటి ముక్కలు చిరగకుండా, జిడ్డు కారకుండా ఉంటే అలాగే వదిలేయండి. మార్చాల్సి వస్తే మందం కచ్చితంగా తెలియాలి, అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఒకే కార్డులో వేర్వేరుగా ఉండొచ్చు. నొక్కుకుపోని చోట, అంచుల దగ్గర కొలవండి. మందంగా ఉన్నది మంచిదే కదా అని రెండు మిల్లీమీటర్లది అన్నిచోట్లా పెడితే హీట్‌సింక్ పైకి లేచి చిప్‌కు ఆనదు, విప్పకముందు కంటే వేడి పెరుగుతుంది. పేస్ట్ మార్చాక ఎక్కువైందంటూ నా దగ్గరికి వచ్చిన కార్డుల్లో తరచు చూసే తప్పు ఇదే. తిరిగి బిగించేటప్పుడు కూడా నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. ఫ్యాన్ల ప్లగ్ పెట్టారో లేదో మూసేముందు ఇంకోసారి చూసుకోండి.

యూట్యూబ్‌లో కార్డును ఓవెన్‌లో పెట్టడం, హీట్ గన్‌తో కాల్చడం చూపిస్తారు. అది చచ్చిన కార్డుకు చేసే ఆఖరి ప్రయత్నం, అది కూడా నిలవదు. బతికున్న కార్డుకు చేయకండి.

పని సరిగా జరిగితే పవర్ లిమిట్ 80 శాతం మీద, అరలోంచి బయట, కార్డుకూ గదికీ తేడా 35 నుంచి 40 మధ్య ఉండాలి. అంటే అదే 36 డిగ్రీల గదిలో 71 నుంచి 76. హాట్‌స్పాట్ దానికి 15 లోపు పైన. అలా రాకపోతే గది వేడి, కార్డు వేడి, హాట్‌స్పాట్, ఫ్యాన్ శాతం, ఈ నాలుగు అంకెలతో పాటు హీట్‌సింక్ తీసినప్పుడు చిప్ మీద పేస్ట్ పడిన తీరు, ప్యాడ్ల మీద నొక్కుడు గుర్తులు కనిపించేలా ఫోటో పెట్టండి. తప్పు ఏ మూల ఉందో ఆ గుర్తులు చూసి చెప్తాను.